పాళీ మొన మీద చుక్క అమ్మోనియా

ల్యాబ్‌లో మల్టీమీటర్ పనిచేయకపోతే మనం ఎక్స్‌పెరిమెంట్ వదిలేసి క్యాంటీన్‌కి పోతాం. జీన్ హెన్రీ ఫాబ్రే మాత్రం రాసుకునే ఇనప పాళీతోనే పురుగు నరాల్లోకి మందు ఎక్కించాడు.

1823లో దక్షిణ ఫ్రాన్స్‌లో పేద ఇంట్లో పుట్టాడు. బడిపంతులుగా చేస్తూనే సొంతంగా చదివి డిగ్రీలు సంపాదించాడు. ఆ రోజుల్లో లియోన్ దుఫూర్ అనే పెద్ద శాస్త్రవేత్త, సెర్సెరిస్ అనే కందిరీగ పెంకుపురుగుల్ని చంపి, కుళ్ళకుండా ఏదో మందు పెట్టి పిల్లల కోసం దాస్తుందని రాశాడు. ఫాబ్రేకి డౌటొచ్చింది. కందిరీగ తెచ్చిన పురుగుల్ని తీసి చూస్తే కదలవు, కానీ రోజుల తరబడి విసర్జన ఆగలేదు. చచ్చిన పురుగు అలా చెయ్యదు కదా! అది చావు కాదు, పక్షవాతం. కందిరీగ పొడిచేది సరిగ్గా కాళ్ళని నడిపే నరాల ముడుల్లో. పైగా అది ఏరుకునే పురుగుల్లో ఆ ముడులన్నీ ఒకేచోట ఉంటాయి, ఒక్క పోటు చాలు. ఫాబ్రే అదే చోట పాళీతో చుక్క అమ్మోనియా పెడితే పురుగు ఠక్కున ఆగిపోయింది. 1855లో ఇదంతా అచ్చయింది.

ఈ కథ మెదడు దాకా వెళ్ళింది మన కాలంలోనే. ఆంప్యులెక్స్ అనే పచ్చ కందిరీగ బొద్దింక మెదడులోనే పొడుస్తుంది. బొద్దింకకి కాళ్ళు బాగానే ఉంటాయి, నడవాలన్న ఊపే పోతుంది. మీసం పట్టుకుని లాగితే వెంట వెళ్తుంది. ఆక్టోపమైన్ అనే రసాయనం ఎక్కిస్తే కొంతవరకు మళ్ళీ నడిచింది. సహజాతం పుట్టుకతోనే వచ్చిన మార్పులేని శక్తి అని నమ్మి, డార్విన్‌ని కూడా ఒప్పుకోని ఫాబ్రే దీనికేమనేవాడో!

ఆయన బతుకు మాత్రం కష్టమే. అవిన్యోన్‌లో ఏడాదికి 1600 ఫ్రాంకుల జీతం. మంజిష్ఠ జాతి మొక్క వేరు నుంచి ఎర్రరంగు తీసే పద్ధతి కోసం ఏళ్ళు కష్టపడ్డాడు. ఇంతలో కృత్రిమ రంగు వచ్చేసింది, శ్రమంతా మట్టిపాలు. అమ్మాయిలకి పూల పరాగసంపర్కం గురించి పాఠం చెప్పాడని మతపెద్దలు మండిపడ్డారు. 1870లో ఉన్న ఇల్లు కూడా ఖాళీ చెయ్యాల్సొచ్చింది. తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 3000 ఫ్రాంకులు అప్పిచ్చి ఆదుకున్నాడు.

పురుగుల వేటలో తోడుండే కొడుకు జూల్ 1877లో పదహారేళ్ళకే పోయాడు. రెండేళ్ళకి మొదటి సంపుటం వచ్చింది. కొత్తగా కనిపెట్టిన కందిరీగలకి ఫాబ్రే ఆ పిల్లాడి పేరే పెట్టాడు.