అడివి బాపిరాజు: ప్రతికృతి, కల్పన

ప్రాచీన వస్తువు ఎదుట నిలిచిన కళాకారునికి రెండు మార్గములు గోచరించును. ఉన్నదానికి ఉన్నట్లుగా ప్రతిరూపము చేయుట మొదటిది. అందలి పోకడను గ్రహించి, తన కాలమునకు తగినట్లు మలచుకొనుట రెండవది. పాత ఆసనమునకు నకలు చేయు వడ్రంగికైనను, పాత చిత్రమునకు నకలు వ్రాయు చిత్రకారునికైనను ఈ ప్రశ్న ఒక్కటే. 18వ శతాబ్దమున విశాఖపట్టణపు పనివారు ఆంగ్లేయుల కుర్చీల, పెట్టెల ఆకృతులను తీసికొని, వానిపై దంతముతో లతలను, పూవులను పొదిగి కొత్త సొగసు కల్పించిరి. అది రెండవ మార్గము. ఈ రెండు మార్గములందును నడచిన ఆంధ్ర కళాకారుడు అడివి బాపిరాజు.

బాపిరాజుగారు 1895 అక్టోబరు 8వ తేదీన భీమవరము ప్రాంతమున జన్మించిరి. రాజమహేంద్రవరము కళాశాలలో ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ప్రోత్సాహము వారికిని, దామెర్ల రామారావుకును లభించెను. సహాయ నిరాకరణోద్యమమున పాల్గొని వారు కారాగారవాసమును అనుభవించిరి. న్యాయశాస్త్ర పట్టము పొంది కొంతకాలము న్యాయవాదిగా పనిచేసినను, మనస్సు కళలయందే లగ్నమై యుండెను. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార ఛటర్జీ వద్ద చిత్రలేఖనము అభ్యసించిరి. 1930 దశకమున ఆ కళాశాలకే ప్రధానాచార్యులైరి. గుంటూరులో చిత్రకళ నేర్పుటకు ఒక సంస్థను నెలకొల్పిరి. 1940 దశకమున హైదరాబాదులో ఉర్దూ, ఆంగ్ల, తెలుగు భాషలలో వెలువడిన మీజాన్ పత్రిక తెలుగు ప్రతికి సంపాదకులుగా ఉండిరి. ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి చదువుకొను మన కళాశాలకు ఈ విషయము స్మరణీయము.

వారి కృషిలో కల్పన పాలు పెద్దది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయ బహుమతిని విశ్వనాథ వారి వేయిపడగలుతో పంచుకొన్న నారాయణరావు సమకాలీన జీవితమును చిత్రించిన నవల. హిమబిందులో వారు శాతవాహన యుగమునకు తరలిరి. 1936లో వెలువడిన అనసూయ, ధ్రువ విజయము చలనచిత్రములకు కళాదర్శకత్వము వహించిరి. పురాణకాలపు సింహాసనము గాని, పీఠము గాని నేడు ఎవరివద్దను లేదు. నకలు చేయుటకు మాతృకయే లేదు. అట్టి రంగమును అలంకరించువారు శిల్పములను ఆశ్రయింపక తప్పదు. మన గుంటూరు సీమలోని అమరావతి ఫలకములపై ఆసనములు, పాదపీఠములు, ఆభరణములు చెక్కబడియున్నవి. ఆ రాతిలోని పోకడను కొయ్యకును, గుడ్డకును అనువుగా మార్చుకొనుటయే కళాదర్శకుని పని.

1951లో వారికి ఇందుకు విరుద్ధమైన పని లభించెను. మద్రాసు ప్రభుత్వము కోరికపై వారు సింహళమునందలి సిగిరియా కుడ్యచిత్రములకు ప్రతికృతులు వ్రాసిరి. 5వ శతాబ్దమున కాశ్యపరాజు కాలమున నిట్టనిలువు కొండగోడపై వ్రాయబడిన స్త్రీమూర్తులవి. ఇట్టి పనిలో చిత్రకారుడు తన ఊహను ప్రక్కన బెట్టవలెను. వెలసిన రంగును వెలసినట్లే, చెదిరిన రేఖను చెదిరినట్లే చూపవలెను. అతికి అందగించినచో అది నకలు కాదు. స్వయముగా కవియు, కథకుడును అయిన వ్యక్తికి ఇంతకన్న కఠినమైన నియమము లేదు.

ఆ నియమము ఎందుకో తరువాతి చరిత్ర తెలిపినది. 1967లో దుండగులు సిగిరియా చిత్రములపై రంగు పూసి పాడుచేసిరి. నిపుణులు శ్రమించి శుభ్రపరచవలసి వచ్చెను. అమరావతి కథ మరింత విషాదకరము. చైత్యపు రాళ్లు సున్నపు బట్టీల పాలైనవి. 1816-17లో కాలిన్ మెకంజీ గీయించిన చిత్రములలోని కొన్ని ఫలకములు నేడు కానరావు. గీసినవారు సొంత సొగసులు చేర్చియుండినచో ఆ ఫలకముల రూపము మనకు శాశ్వతముగా దూరమయ్యెడిది.

1952 సెప్టెంబరు 22వ తేదీన బాపిరాజుగారు పరమపదించిరి. వారి జీవితమునుండి మనము గ్రహింపదగినది ఒకటి కలదు. నకలు చేయువాడు నమ్మకమునకు బద్ధుడు. కల్పించువాడు తన కాలమునకు బద్ధుడు. రెండును గౌరవప్రదములే. కల్పించినదానిని ప్రాచీనమని చూపుట మాత్రము అసత్యము.

విద్యార్థి సోదరులారా! పత్తి, మిరప పండు మన పల్లెలలో నేటికిని తాతలనాటి ద్వారబంధములు, పందిరి మంచములు, భోషాణములు అక్కడక్కడ నిలిచియున్నవి. మీ యింట అట్టి వస్తువు శిథిలమైనచో, వడ్రంగిని పిలుచుటకు ముందు దాని కొలతలు తీసికొని, చెక్కడపు పనిని ఒక కాగితముపై ఉన్నది ఉన్నట్లు గీసి ఉంచుడు. ఆ పిమ్మట కొత్తది మీ అవసరమునకు తగినట్లు చేయించుకొన్నను దోషము లేదు. పాతదాని సత్యము ఆ కాగితముపై మిగులును.