కళ్ళ కోసం ఇచ్చిన ఐదెకరాలు



ఎల్.వి. ప్రసాద్ గారి పేరు చెప్పగానే మీలో పెద్దవారికి ‘మిస్సమ్మ’ గుర్తుకొస్తుంది. చిన్నవారికి కంటి ఆసుపత్రి గుర్తుకొస్తుంది. రెండు పేర్లూ ఒక్క మనిషివే. ఆయన డాక్టరు కాదు, పెద్ద చదువులు చదివినవారూ కాదు.

అసలు పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. 1908 జనవరి 17న ఏలూరు దగ్గర సోమవరప్పాడులో, రైతు కుటుంబంలో పుట్టారు. చదువు కన్నా నాటకాల మీదే మనసెక్కువ. తండ్రి అప్పుల పాలయ్యాక, వంద రూపాయలు చేతబట్టుకుని ఇంట్లో చెప్పకుండా బొంబాయి రైలెక్కారు. వీనస్ ఫిలిం కంపెనీలో ఏ పని చెబితే ఆ పని చేశారు. 1931లో వచ్చిన ‘ఆలం ఆరా’లోనూ, మరుసటి ఏడు వచ్చిన ‘భక్త ప్రహ్లాద’లోనూ చిన్న వేషాలు వేశారు. తర్వాత దర్శకులయ్యారు. ‘మనదేశం’ (1949), ‘షావుకారు’ (1950), ‘మిస్సమ్మ’ (1955) మీకు తెలిసినవే. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు.

ఆయన సినిమాల్లో రెండింటిని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. 1959లో హిందీలో తీసిన ‘ఛోటీ బహెన్’ చూపు పోగొట్టుకున్న చెల్లెలి కథ. 1981లో వచ్చిన ‘అమావాస్య చంద్రుడు’లో నాయకుడు అంధుడైన వయొలిన్ విద్వాంసుడు. అతణ్ణి ప్రేమించిన క్రైస్తవ యువతికి తాతగా నటించింది ప్రసాద్ గారే. ఈ కథలే ఆయన మనసు కదిలించాయని నేననను. సినిమాలో కన్నీరు పెట్టుకుని ఇంటికి పోయి మరచిపోయేవాళ్ళం మనమంతా.

ఆ రోజుల్లోనే డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో కంటి వైద్య సంస్థ ఒకటి పెట్టాలని తిరుగుతున్నారు. 1985లో ప్రసాద్ గారు, కుమారుడు రమేష్ ప్రసాద్ గారు బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఆ పనికి ఇచ్చారు. 1987లో ఆసుపత్రి తెరుచుకుంది. డబ్బున్నవారు కట్టిన సొమ్ముతో లేనివారికి అదే డాక్టరు, అదే ఆపరేషను. అక్కడ వైద్యం పొందినవారిలో సగానికి పైగా ఉచితంగానే పొందారు. ప్రసాద్ గారు 1994 జూన్ 22న కన్నుమూశారు. 2006లో విశాఖపట్నం హనుమంతవాకలో ఆ సంస్థ శాఖ వెలిసింది. నర్సీపట్నం నుండి అది రెండు మూడు గంటల బస్సు ప్రయాణం.

ఇంత దగ్గరకు వచ్చినా, చూపు లేని బిడ్డ పుట్టినప్పుడు మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? ముందు తల్లిని నిందిస్తారు. గ్రహణం నాడు బయట తిరిగిందంటారు, ఎవరి పాపమో అంటారు. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులడిగిందీ ఇదే ప్రశ్న. అది వాడి పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదని ప్రభువు తేల్చి చెప్పారు. పునీత అక్వినాసు తోమాసు గారు గ్రుడ్డితనాన్ని ఉండవలసిన మేలు లేకపోవడం అన్నారు. రాయికి చూపు లేకపోయినా దాన్ని గ్రుడ్డి రాయి అనం కదా. బిడ్డకు చూపు ఉండవలసింది కనుకనే అది లేకపోవడం లోటు. ఆ లోటు పూడ్చే ప్రయత్నం దైవచిత్తానికి ఎదురు తిరగడం ఎలా అవుతుంది? వైద్యుణ్ణి సృష్టించిందీ దేవుడేనని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం నేర్పుతోంది.

తరువాత కంట్లో పసరు పిండుతారు, ఆముదం వేస్తారు, చనుబాలు పోస్తారు. ‘కాస్త పెద్దవాడయ్యాక చూపిద్దాం’ అంటారు. అసలు ముప్పు ఈ మాటలోనే ఉంది. కన్ను చూపించినదాన్ని గ్రహించడం మెదడు పుట్టిన తొలి నెలల్లోనే నేర్చుకుంటుంది. పుట్టుకతో శుక్లాలు దట్టంగా ఉంటే మొదటి రెండు మూడు నెలల్లోనే తీయించాలి. ఐదేళ్ళకు తీయిస్తే కన్ను బాగున్నా చూపు సరిగా రాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కళ్ళను నెల లోపే పరీక్ష చేయించాలి. కనుపాప తెల్లగా మెరిస్తే అది శుక్లమే కానక్కరలేదు, ప్రాణం తీసే కాన్సరు కావచ్చు. మూడు నెలలు వచ్చినా తల్లి ముఖం కేసి చూడకపోయినా, దీపం వైపు కళ్ళు తిప్పకపోయినా వెంటనే బయలుదేరండి.

ఆపరేషనుతో పని అయిపోదు. అద్దాలు మార్పించాలి, కంటికి కట్టు కట్టాలి, ఏళ్ళ తరబడి తిరగాలి. ఏ వైద్యానికీ చూపు రాని బిడ్డలకు నడక, చదువు నేర్పే ఏర్పాటు కూడా ఆ సంస్థలో ఉంది. చింతపల్లి కొండల్లోంచి దిగి వచ్చే కూలీ తల్లికి ఆపరేషను ఉచితమే కావచ్చు. పోయే కూలి, బస్సు ఛార్జీ మాత్రం ఉచితం కావు. చాలామంది రెండోసారి రాకపోవడానికి కారణం అదే. అలాంటి కుటుంబం మీ వీధిలో ఉంటే విచారణ గురువుకు చెప్పండి. ఆదివారం పూజ దాకా ఆగవద్దు.