రామదాసు భయపడలేదని ఎవరన్నారు?

ఈ వారం వీడియోలో గోల్కొండలో రామదాసు చెర చూపించాం కదా. అందులో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

మాది జంగారెడ్డిగూడెం. చిన్నప్పుడు అశ్వారావుపేట మీదుగా భద్రాచలం వెళ్తుంటే బస్సులో మా మామ్మ రామదాసు కథ చెప్పేది. పన్నెండేళ్లు చెరలో ఉన్నా చెక్కుచెదరని మనిషి అని నా బుర్రలో ముద్రపడిపోయింది. పోయిన ఏడాది నాకు రాత్రిళ్లు గుండెదడ మొదలైంది. ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగం, ఫోన్ మోగకపోయినా మోగినట్టే ఉండేది. మనసు గట్టి చేసుకుంటే చాలనుకున్నా. మైండ్‌సెట్ వీడియోలు, తెల్లారి అయిదింటికి చన్నీళ్ల స్నానం, భయపడనని వందసార్లు అనుకోవడం. దడ తగ్గలేదు సరికదా, తగ్గట్లేదన్న కంగారు కొత్తగా చేరింది.

అప్పుడు ఆయన కథ మళ్లీ చదివా. అసలు పేరు కంచర్ల గోపన్న, ఊరు నేలకొండపల్లి, కాలం 17వ శతాబ్దం. మేనమామలు అక్కన్న, మాదన్న గోల్కొండ తానీషా కొలువులో పెద్దవాళ్లు. ఆ అండతో పాల్వంచ పరగణా తహసీల్దారయ్యాడు. శిస్తు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించాడు. (లెక్క ప్రకారం తప్పే, భక్తుడని దాచను.) సుల్తాను చెరలో వేయించాడు.

అక్కడ ఆయనేం చేశాడో కీర్తనల్లోనే ఉంది. గట్టిగా ఉండలేదు! కొరడా దెబ్బలకు ఏడ్చాడు. సీతమ్మకు చింతాకు పతకం దగ్గర్నుంచి ఒక్కో నగ ఖర్చూ ఏకరువు పెట్టి, ఎవడబ్బ సొమ్మని రాముణ్ణే నిలదీశాడు. వెంటనే, దెబ్బలు ఓర్వలేక తిట్టాను, ఏమీ అనుకోకని బతిమాలాడు. రాముడు పలక్కపోతే సీతమ్మ చేత సిఫారసు చేయించమన్నాడు. చివరికి విడుదల కూడా తన పట్టుదలతో రాలేదు. రామలక్ష్మణులే వచ్చి తానీషాకు 6 లక్షల మొహరీలు కట్టి రసీదు పుచ్చుకున్నారని కదా మన పెద్దలు చెప్పేది.

ఇంకోటి. 1687లో ఔరంగజేబు గోల్కొండ గెలిచి తానీషాను దౌలతాబాదు కోటలో బంధించాడు. 1699లో తానీషా అక్కడే పోయాడు. ఆయనకీ పన్నెండేళ్లే. ఇది చదివి కాసేపు అలా కూర్చుండిపోయా.

ఆ రాత్రే అక్కకి ఫోన్ చేసి, బావున్నానని అబద్ధం చెప్పకుండా ఉన్నదంతా చెప్పేశా. తనే వచ్చి ఏలూరులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మాత్రలు, కౌన్సెలింగ్ నడుస్తున్నాయి. దడ వారంలో ఒకట్రెండు రాత్రులు ఇంకా వస్తుంది. అప్పుడు రామదాసు కీర్తన పెట్టుకుంటా, ఆ తిట్టేదే.