తాళ్ళపాక తండ్రికొడుకులు

అనంతపురం మెట్టసీమలో తండ్రి కొడుకునకు విడిచిపోవునది తరచుగా కొంచెమే. వానను నమ్ముకొన్న చేను, నీరందని బావి, ఒక జత పశువులు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు వేళకు రాదు. కావుననే ఈ సీమ పూర్వులు చెరువును ప్రాణముగా చూచిరి. బుక్కరాయల కాలమున, 1364లో, చిక్కవొడెయరు పండమేరు నీటిని మలచి అనంతపురం, బుక్కరాయసముద్రము చెరువులు కట్టించెనని ప్రతీతి. కట్ట వేసినవాడు ఆ నీరు ఎంతకాలము త్రావగలడు? పూడిక తీయుట, గండి పడకుండ కాచుకొనుట వెనుకటివారి పని. వారు ఏమరినచో పెద్దల శ్రమ ఒక్క పెనువానతో కొట్టుకొనిపోవును.

శ్రీ తాళ్ళపాక అన్నమాచార్యులవారి చరిత్ర చదువునప్పుడెల్ల నాకు ఈ చెరువుకట్ట జ్ఞప్తికి వచ్చును. పదకవితా పితామహులుగా వారిని కొనియాడనివారు లేరు. ఆ మహనీయులు తమ బిడ్డయెడ ఎట్టి తండ్రియై మెలగిరో తలచువారు మాత్రము అరుదు.

వారి వంశమున బాల్యము సుఖముగా గడచినట్లు కానరాదు. పూర్వికుడైన నారాయణయ్య చదువు అబ్బక, గురువుల దండనలకు తాళలేక, చింతలమ్మ గుడియందలి పాముపుట్టలో చేయి పెట్టి ప్రాణము తీసికొనబోయెను. అమ్మవారు ప్రత్యక్షమై వానిని వారించి, ఆ వంశమున మహాభక్తుడొకడు పుట్టునని ఊరడించినట్లు మనుమడు చిన్నన్న ద్విపదగా రచించిన అన్నమాచార్య చరిత్రము చెప్పుచున్నది. ఆ భక్తుడే 1408లో నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు జన్మించిన అన్నమయ్య. ఈ బాలుడును ఇంట మాటలు పడినవాడే. ఎల్లవేళల పాటలు పాడుకొను పిల్లవానిని చూచి ఉమ్మడికుటుంబము విసిగినది; పశువులకు గడ్డి కోసికొనిరమ్మని పంపినది. కొడవలి చిటికెనవ్రేలిని కోసినది. ఆ బాధలోనే గోవిందనామము పలుకుచు పోవు యాత్రికులు కంటబడగా, బాలుడు వారి వెంట కొండకు నడచిపోయెను. తిరిగి ఇల్లు చేరినవాడు ఆ పాటతోనే చేరెను. వదలుమన్నదానిని వదలలేదు.

తిమ్మక్క, అక్కలమ్మలతో వారి వివాహము, అహోబలమున శఠకోపయతి సన్నిధిని వేదాంతాధ్యయనము పాఠకులెరిగినవే.

పెనుకొండ వృత్తాంతము వద్ద కొంత నిలువవలెను. సాళువ నరసింగరాయలు అన్నమాచార్యులను పెనుకొండకు పిలిపించి ఆదరించెను. స్వామిపై పాడిన శృంగార సంకీర్తన విని మురిసి, తనపైనను అట్టిది పాడుమని కోరెను. హరిని కీర్తించు నాలుకతో నరుని పొగడజాలనని వారు త్రోసిపుచ్చిరి. రాజు సంకెలలు వేయించెను. స్వామిని వేడినంతనే సంకెలలు వీడెనని చరిత్రము. పెనుకొండకు అనతిదూరమున కదిరిలో ప్రహ్లాదునితో కూడిన నృసింహస్వామి వెలసియున్నాడు. అన్నమాచార్యులు ఆ స్వామిపై సంకీర్తనలు చెప్పిరి. (2022 నుండి ఈ రెండు క్షేత్రములు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి, అంతకుముందు అనంతపురం జిల్లావే.) తన పేరు పలుకుమని కన్నకొడుకును హింసించిన తండ్రి కథ కదిరిలో; తన పేరు పాడుమని కవిని బంధించిన రాజు కథ పెనుకొండలో. రెంటిలోను కోరిక ఒక్కటే.

ఇప్పుడు ఆ కవి తన కుమారునితో ఏమని చెప్పెనో చూడుడు. అవసానకాలమున పెద తిరుమలాచార్యులను చేరబిలిచి, దినమునకు తక్కువపక్షమొక్క సంకీర్తన స్వామికి సమర్పింపుమని నియమించిరి. నా వంటి కవివి కమ్మనలేదు. నా పాటలనే పాడుమనలేదు. తాము పదునారవ యేట, 1424లో, ఆరంభించిన పనిని వృద్ధాప్యము వరకు చేయుచు వచ్చిరి గనుక, కొడుకు పుట్టినది మొదలు కన్నులార చూచినదానినే కోరిరి. 1503, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు పరమపదము చేరిరి.

ఇది తేలికయైన నియమమని అనుకొనరాదు. ముప్పదిరెండువేల సంకీర్తనలు చెప్పిన తండ్రికి కొడుకై పుట్టి, ప్రతిదినము కలము పట్టుట ఎంత బరువో ఊహింపుడు. పైగా పెద తిరుమలాచార్యులు లేమిలో నున్నవారు కారు. అచ్యుతరాయల కాలమునాటికి గ్రామములు, గౌరవములు గలవారు; శ్రీవారికి వారు చేసిన సమర్పణలు శాసనములకెక్కినవి. నియమము మరచుటకు కావలసిన సదుపాయములన్నియు ఉండెను. వారు మరువలేదు. తాము వేరుగా సంకీర్తనలు, వైరాగ్యవచనములు రచించిరి. అంతటితో ఆగక, తండ్రి కోరనిది కూడ చేసిరి: ఆ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి భద్రపరచిరి. తాటాకులపై మాత్రమే ఉండినచో, ఐదువందల ఏండ్ల చెద, తేమ వానినేమి చేసియుండెడివో వేరుగ చెప్పనక్కరలేదు. వారి కుమారుడు చిన తిరుమలాచార్యులు తాతగారి సంకీర్తనలక్షణమును తెలుగు చేసెను. సంస్కృత మూలము నేడు దొరకదు. మనుమని తెలుగే మిగిలినది.

అటుపిమ్మట పూడిక చేరినది. తిరుమల ఆలయమునందలి చిన్న అరలో రెండువేలకు పైబడిన రేకులు చిరకాలము మరుగున పడియుండెను. ఇరువదవ శతాబ్దమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రిగారలు వానిని వెలికిదెచ్చి పరిష్కరించిరి. నేడు దొరకుచున్నవి పండ్రెండువేలకు పైగా. రేకులపై రాగముల పేర్లున్నవి గాని స్వరములు లేవు. పలు సంకీర్తనలకు స్వరరచన చేసిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) ఈ అనంతపురం సీమవారే. రాళ్ళపల్లి గ్రామమున జన్మించినవారే. మైసూరున బహుకాలము అధ్యాపకులై యుండి, తరువాత తిరుపతికి వచ్చి ఈ పనికి పూనుకొనిరి. తాళ్ళపాకవారికి వీరు చుట్టము కారు.

ఆ అరను సంకీర్తనభాండారమందురు. దాని ద్వారమున కిరుప్రక్కల రెండు శిలావిగ్రహములు గలవు. ఒకరు అన్నమాచార్యులు, ఒకరు పెద తిరుమలాచార్యులు అని పెద్దలు చెప్పుదురు. దర్శనపు తొందరలో యాత్రికులు వారి ముందునుండి సాగిపోవుచుందురు.