నింద మోసిన ఉద్యోగి - హాఫ్‌కిన్

ఆరోగ్య శాఖలో ఉద్యోగం చేసిన రోజుల్లో పుష్కరాలకు, తిరునాళ్లకు వెళ్లే యాత్రికులకు కలరా సూదులు వేయించే పని నాది. కలరా టీకా తయారుచేసి, 1892లో మొదట తన ఒంటి మీదే పరీక్షించుకున్న మహనీయుడు వాల్డెమార్ హాఫ్‌కిన్. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

ఆయన 1860లో ఒడెస్సాలో యూదు కుటుంబంలో పుట్టారు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసి, 1893లో మన దేశానికి వచ్చి వేలమందికి కలరా టీకాలు వేశారు.

1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. అది ప్రాణాలు తీయడమే కాదు, బతికినవాళ్ల పొట్ట కూడా కొట్టింది. కొద్ది నెలల్లో లక్షలమంది ఊరు విడిచిపోయారు. బట్టల మిల్లులకు కూలీలు కరువై, యజమానులు ఏ రోజు కూలి ఆ రోజే ఇవ్వవలసి వచ్చింది. బొంబాయి ఓడలంటే విదేశీ రేవులు జంకాయి. 1897లో అంటురోగాల చట్టం వచ్చింది. ఇళ్ల సోదాలకు, బలవంతపు తరలింపులకు భయపడి జనం రోగులను దాచిపెట్టారు.

ఆ సమయంలో హాఫ్‌కిన్ గారికి దొరికినవి గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. అయినా మూడు నెలల్లో ప్లేగు టీకా తయారుచేసి, 1897 జనవరి 10న తానే వేయించుకున్నారు.

1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకా వేయగా, ఒకే సీసా నుంచి వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో మరణించారు. నింద ఆయన ప్రయోగశాల మీద పడింది. డైరెక్టరు బాధ్యతల నుంచి ఆయనను తప్పించారు. టీకా మీద నమ్మకం చెడింది. అక్కడ ప్లేగు మాత్రం ఆగలేదు.

అసలు సంగతి వేరు. సీసా తెరిచేటప్పుడు అక్కడి సహాయకుడి చేతిలోని పట్టుకారు నేల మీద పడింది. దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారు. రొనాల్డ్ రాస్ వంటి శాస్త్రవేత్తలు గట్టిగా నిలబడ్డాక, 1907లో ఆయన నిర్దోషి అని తేలింది. తిరిగి కలకత్తాలో పనిచేసి 1914లో విరమించారు. బొంబాయి ప్రయోగశాల మాత్రం మళ్లీ ఆయన చేతికి రాలేదు. 1925లో దానికే ఆయన పేరు పెట్టారు. 1930లో స్విట్జర్లాండులోని లౌసాన్‌లో కన్నుమూశారు.

విచారణ కాగితం ఒకటి వస్తే ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదని సర్వీసు చేసిన మనకు తెలియనిది కాదు. ఆయన అయిదేళ్లు ఆ నింద మోశారు.

2020లో కరోనా వచ్చినప్పుడు మళ్లీ ఆ 1897 చట్టమే వాడారు. మళ్లీ కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్లకు నడిచారు. టీకా వచ్చాక వేయించుకోవడానికి మా ఆవిడ జంకితే, ఈ కథంతా చెప్పి వెంట తీసుకువెళ్లాను. మందు కనిపెట్టడం ఒక ఎత్తు, జనం నమ్మకం నిలబెట్టడం ఒక ఎత్తు. మనవలకు ఈ కథ చెప్పండి.