వికెట్టు వెనుక కృష్ణమూర్తిగారు

మన తర్లుపాటి బాలురు సాయంకాలమున క్రికెట్టాటకై జట్లు కట్టునపుడు బ్యాటు పట్టుటకు పదిమంది ముందునకు వత్తురు. బంతి వేయువారికిని కొదువలేదు. వికెట్టు వెనుక నిలువుమన్నచో మాత్రము ఒకరి మొగమొకరు చూచుకొందురు. ఆ చోటనే తన క్రీడాజీవితమంతయు గడపిన హైదరాబాదు ఆటకాడు పోచయ్య కృష్ణమూర్తిగారిని గూర్చి కొంచెము వ్రాయ దలచితిని.

వీరు 1947 జూలై 12వ తేదీన హైదరాబాదున జన్మించిరి. రంజీ పోటీలలో ఆ నగరపు జట్టునకు పెక్కేండ్లు వికెట్ కీపరుగా నుండిరి. 1971లో వెస్టిండీసు యాత్రకు భారతజట్టు నేర్పరచునపుడు, ఇంగ్లండులో లాంకషైరు కౌంటీ పక్షమున ఆడుచుండిన ఫరూఖ్ ఇంజనీరు స్వదేశపు పోటీలలో పాల్గొనలేదని ఎన్నికసంఘమువారు ఆయనను విడిచిరి. ఆ స్థానము కృష్ణమూర్తిగారికి దక్కెను. జయసింహ, ఆబిద్ అలీ, జయంతిలాల్, గోవిందరాజ్ గారలును ఆ యాత్రలో నుండిరి; ఒక్క హైదరాబాదునుండియే ఐదుగురన్నమాట!

ఐదు టెస్టులలోను వీరే కీపరు. వేగముగా వచ్చు బంతికి కీపరు దూరముగా నిలువవచ్చును. బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్ గారలు బంతిని త్రిప్పునపుడో, వికెట్టు నానుకొని వంగియుండి, నేల తాకిన బంతి యెటు తిరుగునో రెప్పపాటులో కనిపెట్టవలెను. ఆటకాని దేహమడ్డమై యొక్కొకప్పుడు బంతియే కానరాదు. దినమంతయు వందలసారులు వంగి లేవవలెను. పట్టిన బంతుల నెవరును లెక్కింపరు, జారినదానిని మాత్రము మరువరు. మార్చిలో పోర్ట్ ఆఫ్ స్పెయినున మనవారు 7 వికెట్లతో గెలిచిరి. వెస్టిండీసుపై మనకదియే తొలి టెస్టు విజయము; దానితో ఆ వరుసయు మనదే యయ్యెను. గవాస్కరుగారి 774 పరుగులను, సర్దేశాయిగారి 642 పరుగులను దేశమంతయు కొనియాడెను. కృష్ణమూర్తిగారి లెక్క 7 క్యాచీలు, 1 స్టంపింగు.

వీరికి గల కొరత బ్యాటింగు. ఆ ఐదు టెస్టులలో చేసిన పరుగులు 33 మాత్రమే. దీనిని దాచి ప్రయోజనము లేదు. కొన్ని నెలలకే ఇంగ్లండు యాత్ర వచ్చెను. టెస్టులకు ఇంజనీరుగారిని మరల పిలిచిరి. కౌంటీ జట్లతోడి పోటీలు కృష్ణమూర్తి, కిర్మానీ గారలకు మిగిలెను. ఓవల్ విజయమున ఇంజనీరుగారు తొలి ఇన్నింగ్సులో 59 పరుగులు చేసిరి గనుక, ఎన్నికసంఘమువారిని తప్పుపట్టుట కష్టము. అయినను గెలిచిన జట్టు కీపరునకు ఆరవ టెస్టు లేకపోవుట నాకు నేటికిని రుచింపదు.

1976లో న్యూజిలాండు, వెస్టిండీసు యాత్రలకు కిర్మానీగారికి తోడుగా మరల వెళ్లిరి. న్యూజిలాండుపై ఒక్క ఏకదిన పోటీ ఆడిరి, టెస్టు దొరకలేదు. పిమ్మటను కొన్నేండ్లు హైదరాబాదు వికెట్టు వెనుకనే నిలిచి, 1999 జనవరి 28వ తేదీన, 51 సంవత్సరముల ప్రాయమున, కాలధర్మము నొందిరి.