గుంటూరు మేడ నుంచి మంచు కొండ దాకా

1868 ఆగస్టు 18. విభవ నామ సంవత్సరం శ్రావణ అమావాస్య, అంటే మన పోలాల అమావాస్య. ఆ ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం నీడ బీజాపూర్, వనపర్తి, గుంటూరు, మచిలీపట్నం మీదుగా సముద్రంలోకి వెళ్లిపోయింది. మన నందిగామ, జగ్గయ్యపేట కూడా ఆ నీడ దారిలోనే ఉన్నాయి. గ్రహణం అనగానే మనకి గుర్తొచ్చేవి పచ్చడి జాడీల మీద దర్భలు, వేదాద్రి, ముక్త్యాల రేవుల్లో విడుపు స్నానాలు. ఆ రోజు మాత్రం గ్రహణాన్ని వెతుక్కుంటూ సముద్రాలు దాటి వచ్చినవాళ్లున్నారు. వాళ్లలో ఒకాయన గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద స్పెక్ట్రోస్కోప్ బిగించుకుని ఎదురుచూశాడు. పేరు జూల్స్ జాన్సెన్.

1824లో పారిస్‌లో పుట్టాడు. చిన్నప్పుడు జరిగిన ప్రమాదంతో జీవితాంతం కుంటుతూనే నడిచాడు. ఇంట్లో డబ్బు కరిగిపోయింది, దాంతో కుర్రతనంలోనే బ్యాంకులో గుమాస్తాగా చేరాల్సొచ్చింది. డిగ్రీ చేతికొచ్చేసరికి వయసు ముప్ఫైకి దగ్గరపడింది. సప్లీలు మిగిలాయని దిగులుపడే మిత్రులు ఈ లెక్క గుర్తుంచుకోవచ్చు.

గుంటూరులో సూర్యుడు పూర్తిగా కనుమరుగైంది ఐదు నిమిషాల పైచిలుకు. సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలలు వేడి వాయువులేనని, అందులో ముఖ్యమైనది హైడ్రోజన్ అని ఆ కాసేపట్లోనే తేలింది. అక్కడే, మేజర్ టెనంట్ బృందం గ్రహణాన్ని ఫొటోలు తీసింది. జాన్సెన్‌కి మాత్రం వేరే ఆలోచన తట్టింది. ఈ గీతలు ఇంత కాంతిగా ఉన్నాయి కదా, గ్రహణం లేకపోతే మాత్రం ఎందుకు కనపడవు? మర్నాడు పొద్దున్నే మామూలు ఎండలో స్పెక్ట్రోస్కోప్‌ని సూర్యుడి అంచుకి తిప్పాడు. జ్వాలలు కనపడ్డాయి! ఆ సంగతి కాకినాడ నుంచి పారిస్‌కి ఉత్తరం రాశాడు. అక్కడ ఇంగ్లండులో లాకియర్ కూడా సొంతంగా ఇదే పద్ధతి కనిపెట్టాడు. ఇద్దరి ఉత్తరాలూ అకాడమీకి ఇంచుమించు ఒకేసారి చేరాయి. ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద ముద్రించారు.

క్విజ్‌లలో గుంటూరు అంటే హీలియం అని టక్కున చెప్పేస్తాం. నిజానికి ఆ పసుపు గీతని ఆ రోజు చాలామంది చూశారు. దానికో కొత్త మూలకం ఉండాలన్నది తర్వాత లాకియర్ పట్టుకున్న మాట. భూమ్మీద అది దొరికింది 1895లో, రామ్సే చేతికి. నా లెక్కలో గుంటూరు గొప్పంతా ఆ మర్నాటి ఉదయానిదే. అప్పటిదాకా ఆకాశం ఎప్పుడు నిమిషాలు దానం చేస్తుందా అని కాచుకోవాల్సొచ్చేది.

1870లో జర్మన్ సైన్యం పారిస్‌ని ముట్టడించింది. ఊరు దిగ్బంధంలో ఉండగానే అల్జీరియాలో గ్రహణం కోసం జాన్సెన్ బెలూనెక్కి శత్రువుల తలల మీదుగా ఎగిరిపోయాడు. తీరా అక్కడ మబ్బులు! 1874లో శుక్రుడు సూర్యుడి ముందు నుంచి దాటుతుంటే, గుండ్రటి పలక తిప్పుతూ 72 సెకన్లలో 48 బొమ్మలు తీసే యంత్రాన్ని జపాన్ పట్టుకెళ్లాడు. సినిమా కెమెరా పూర్వీకుల్లో అదొకటి. తర్వాత మ్యూడన్ అబ్జర్వేటరీలో సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువ ఎక్స్‌పోజర్‌తో సూర్యుణ్ణి వేలకొద్దీ ఫొటోలు తీయించాడు. సూర్యుడి ముఖం మీది బియ్యపు గింజల్లాంటి పొక్కులు వాటిలో స్పష్టంగా పడ్డాయి.

ఇక మంచు సంగతి. సూర్యకాంతిలో కనపడే ఆక్సిజన్ గీతలు సూర్యుడివా, మన గాలివా? మన గాలివైతే పైకి వెళ్లేకొద్దీ పలచబడాలి. అందుకని అరవై నాలుగేళ్ల వయసులో మాంట్ బ్లాంక్ ఎక్కడం మొదలుపెట్టాడు. నడవలేడు కాబట్టి నిచ్చెన లాంటి పల్లకీలోనూ, స్లెడ్జి మీదా కూలీలు మోశారు, లాగారు. పైకెళ్లేకొద్దీ గీతలు పలచబడ్డాయి.

అది చాలక శిఖరం మీదే అబ్జర్వేటరీ కట్టాలన్నాడు. పునాది కోసం సలహా అడిగింది ఎవర్నో కాదు, ఈఫిల్ టవర్ ఈఫిల్‌నే. రాయి తగలాలని మంచులో సొరంగం తవ్వించారు. మంచే తప్ప రాయి తగల్లేదు. సరే, మంచు మీదే కడదామన్నాడు జాన్సెన్! భవనం ఒరిగితే సరిచేయడానికి కింద జాకీలు పెట్టించాడు. మ్యూడన్‌లో చేసిన భాగాలన్నీ విప్పి, కూలీల వీపుల మీద 4,800 మీటర్ల ఎత్తుకి చేర్చి, 1893లో నిలబెట్టారు. సివిల్ బ్రాంచి వాళ్లు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు.

ఈ కష్టం ధ్రువాల్లో పనిచేసేవాళ్లకి బాగా తెలుసు. అంటార్కిటికాలో మన మొదటి కేంద్రం దక్షిణ గంగోత్రిని మంచు మీదే కట్టారు, కొన్నేళ్లకే మంచు దాన్ని కప్పేసింది. తర్వాతి మైత్రి, భారతి రాతినేల మీద లేచాయి. జర్మన్ల కొత్త న్యూమాయర్ కేంద్రమైతే హైడ్రాలిక్ కాళ్ల మీద నిలబడి, మంచు పెరిగేకొద్దీ తానూ పైకి లేస్తుంది. ఇవాళ ఆ కేంద్రాల నుంచి అరోరాల ఫొటోలు తీసేవాళ్ల కాళ్ల కింద ఉన్నది జాన్సెన్ ఎదుర్కొన్న లెక్కే.

ఆయన 1907 డిసెంబరులో మ్యూడన్‌లో పోయాడు. శిఖరం మీది అబ్జర్వేటరీ అప్పటికే మంచులోకి దిగబడుతోంది. 1909లో దాన్ని విప్పేశారు. దాని బురుజు మాత్రం కిందికి దిగి, కొండ కింద షామోనీ ఊళ్లో ఉంది.